మొహం లేని మనిషి

బోర్డులు రాసే పెయింటర్‌కి పొద్దున్నే ఓ పని అయిపోతే చాలు, ఇక ఆ పూటంతా హుషారే. ఆవేళా షెడ్డులోంచి ఈల వేసుకుంటూ వచ్చాడు.

"పిచ్చుకా! నీ బొమ్మ పూర్తిచేసేశానే. మొహం నాకొదిలేశావుగా, పెట్టేశాను."

కూతురు చేతిలో గ్లాసు కింద పెట్టి షెడ్డులోకి పరుగు తీసింది.

ఆ ఇంటి పద్ధతే అంత. అక్షరాలు, బట్టల మడతలు, చేతులు కూతురు వేస్తుంది. మొహం తండ్రి వంతు. సబ్బు బోర్డయినా కళ్లద్దాల బోర్డయినా, ఆమె వదిలిన ఖాళీలో ఆయన నవ్వు మొహం దించేస్తాడు. ఇన్నేళ్లలో ఎవరూ వంక పెట్టలేదు మరి!

కానీ ఇది ఆర్ట్ కాలేజీలో సీటు కోసం ఆ మధ్యాహ్నమే చూపించాల్సిన బొమ్మ. వెనకటికి సర్రియలిస్టులని కొందరు కలల్ని ఉన్నదున్నట్టు గీశారట. వాళ్ల తొలినాళ్ల బొమ్మొకటి పుస్తకంలో చూసిందగ్గర్నుంచీ పిల్లకి అదే లోకం. తన బొమ్మలో వంటగది నీళ్ల మీద తేలుతోంది. కుళాయిలోంచి పక్షులు కారుతున్నాయి. మెట్లు మబ్బుల్లోకి వెళ్లిపోయాయి. మధ్యలో ఒక ఆడమనిషి, ఇప్పుడు పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతోంది.

"నాశనం చేశావు నాన్నా! ఎవరడిగారు నిన్ను?"

"అరె, మొహం లేకుండా మనిషేంటే? కుళాయిలో పక్షులు పెట్టావు, నోరెత్తానా?"

"ఆ ఖాళీ కావాలనే వదిలాను! ఇంక సీటు వచ్చినట్టే. ఆ నవ్వు మొహాలు తప్ప నీకింకేం తెలుసు?"

ఆయనకి చురుక్కుమంది. "ఆ నవ్వు మొహాలే నీకు తిండి పెట్టాయి, మర్చిపోకు!"

కేకలకి భార్య వచ్చింది. బొమ్మ వంక చూసి, "ఈ కల నాదండీ," అంది మెల్లగా. "పెళ్లైన కొత్తనుంచీ వస్తోంది. దానికి చెబితే గీసింది."

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"ఓసారి మొదలుపెట్టాను. బోర్డుకి ఆలస్యమవుతోందని వెళ్లిపోయారు. మళ్లీ మీరు అడగనూ లేదు, నేను చెప్పనూ లేదు."

ఆమె గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేదనిపించింది ఆయనకి.

"మరి మొహం ఎందుకు లేదు?"

"కలలో నా మొహం నాకెలా కనిపిస్తుందండీ?"

ఆయన గుడ్డ టర్పెంటైన్‌లో తడిపాడు. ఆయన వేసిన రంగు ఇంకా పచ్చిగానే ఉంది, కింద కూతురు పూసిన రంగు ఎప్పుడో ఎండిపోయింది. పెదవులు తుడిచాడు, బుగ్గలు తుడిచాడు. కళ్ల దగ్గర చెయ్యి ఆగిపోయింది. అవి అచ్చం భార్య కళ్లు! ఏ బోర్డు మీద ఎవరి మొహం వేసినా తెలియకుండానే ఆ కళ్లే వేస్తూ వచ్చాడు. ఆ కళ్లు మూసుకుంటే ఏం కనిపిస్తుందో మాత్రం ఒక్కనాడూ అడగలేదు. అడిగితే ఏం పోయేది? ఆ కళ్లూ తుడిచేసి, గుడ్డ పట్టుకునే భోరుమన్నాడు.

"ఊరుకో నాన్నా, పోయిందిగా. చూడు, ఎప్పటిలాగే ఉంది," అంది కూతురు, తనూ కళ్లు తుడుచుకుంటూ.

ఆయన స్టూలు లాక్కుని భార్య ఎదురుగా కూర్చున్నాడు. "ఇప్పుడు చెప్పు. ఆ మెట్ల పైన ఏముంటుంది?"

"తెలీదండీ. ఎక్కబోయేసరికి రోజూ మీరు టీ పెట్టమని లేపేస్తారు."

"రేపు నేను పెడతాను," అన్నాడాయన. "నువ్వు పైదాకా ఎక్కు."