చూపు ఎటుంటే బండి అటు

బడ్జ్ బడ్జ్‌లో మూతపడిన జనపనార మిల్లు వెనక పెద్ద బూడిదగుట్ట ఉంది. బాయిలర్లలోంచి ఏళ్ల తరబడి తెచ్చి పోసింది. ఇప్పుడు గడ్డి మొలిచి, వానకి చారలు పడి, మాకు కొండ లేని లోటు తీరుస్తోంది. వాట్‌గంజ్ నుంచి నేనూ మా తమ్ముడు రాబినూ కరెంటు సైకిళ్లేసుకుని అక్కడికే పోతాం. వచ్చే నెల కర్సియాంగ్ కొండల్లో వాడికి పోటీ. అమ్మ పోయాక వాణ్ణి పెంచింది నేనే. సైకిలు నేర్పిందీ నేనే.

ఆ రోజు విశ్వకర్మ పూజ. మధ్యాహ్నం మూడు. ఆకాశం నిండా గాలిపటాలు. గేటు దగ్గర కాపలా ఉండే యోగేశ్ అడ్డం వచ్చాడు.

"దీదీ, ఇవాళ యంత్రం తిప్పకూడదు. ఈ మిల్లులో ఒకడు ఇలాగే పూజనాడు తిప్పి వేళ్లు పోగొట్టుకున్నాడు. రక్తం ఆగక చచ్చిపోయాడు."

"ఆ పట్టింపు మీకు. మా బండి చర్చికి పోతుందిలే దాదా," అన్నాను. నా నోరు నాకంటే ముందు నడుస్తుంది.

గుట్టెక్కాక రాబిన్‌కి మళ్లీ చెప్పాను. "దిగేటప్పుడు మోటారు తగ్గించు. నడుం వెనక్కి. రాయిని చూశావంటే రాయి మీదికే పోతావు. చూపు ఎటుంటే బండి అటు."

"ఇదేటి, బైబిలు వచనమా? రోజూ చదువుతావు."

నేను ముందు దిగి కింద నిలబడ్డాను. చెవిలో ఫోను వాడితో కలిపే ఉంది. వాడు సగం దిగేసరికి గాలి ఆగిపోయింది. నానిన జనపనార కుళ్లిన వాసన...

"అక్కా," గుసగుసగా అన్నాడు. "దారి పక్కన ఎవడో ఉన్నాడు."

చూశాను. గడ్డి తప్ప ఏమీ లేదు.

"ఎవడూ లేడు. దారి చూడు."

"చెయ్యి చాపుతున్నాడు. వేళ్లు లేవక్కా..."

"రాబిన్... నన్ను చూడు."

వాడు అటే చూశాడు.

సైకిలు తిరిగింది. బ్రేకులు కీచుమన్నాయి. పెడళ్లు ఆగాయి. మోటారు ఆగలేదు. తుప్పుపట్టిన ఇనప స్తంభానికి గుద్దుకుని వాడూ సైకిలూ ఒకటిగా దొర్లారు. నేను పరిగెత్తి చేరేసరికి వాడి కుడిచెయ్యి గొలుసులో ఉంది. పళ్లచక్రం లాగుతోంది. ఎముకలు చెరుకుగడల్లా విరుగుతున్నాయి. నా మొహం నిండా వాడి రక్తం. బ్యాటరీ పీకి అవతల పారేశాను.

చక్రం తిరుగుతూనే ఉంది.

రాయి తీసుకుని గొలుసు తెగేదాకా బాదాను.

మూడు వేళ్లు లేవు. బూడిదలో పాకి, చేతికి తగిలినవన్నీ ఏరి సంచిలో వేశాను. యోగేశ్ పరిగెత్తి టీకొట్టు నుంచి ఐసు తెచ్చి ఇచ్చాడు.

ఆసుపత్రిలో, తెల్లారుతుండగా ఆపరేషను గదిలోంచి డాక్టరు బయటికొచ్చాడు. "మూడూ కుట్టాం. రక్తం ఆడుతోంది." నేను గోడకి ఆనుకుని ఏడ్చాను. ఆయన కదల్లేదు. "కానీ మీరు నాలుగు తెచ్చారు," అని మిగిలిన వేలున్న ట్రే ముందుకు జరిపాడు.

గోరు వంకరగా ఉంది. చిన్నప్పుడు నేను విసురుగా తలుపేస్తే సందులో నలిగిన వేలు. మా రాబిన్‌ది.

లోపల్నుంచి నర్సు తల బయటపెట్టింది. "దీదీ, అన్ని వేళ్లూ కదుపుతున్నాడు. ఒకటి మాత్రం ఆపమన్నా ఆగడం లేదు."