కణత మీద అబద్ధం

యేసుదానాన్ని చంపినవాళ్ళు ఆయన వయసును కూడా వాడుకున్నారు. యారాడ బీచ్‌లో పడి ఉన్న ముసలాయన, కుడి కణతకు ఆనించి పేల్చిన తూటా, కుడి చేతిలో పిస్టల్. చూసిన ఎవడైనా ఆత్మహత్యే అంటాడు.

విశాఖ హార్బర్‌లోకి ఓడలను నడిపించే పైలట్‌గా రిటైరైన ఆయన నిన్ననే సీక్రెట్ ఏజెన్సీ చీఫ్ కామరాజుకు ఫోన్ చేశాడు. "బయట లంగరేసిన ఓడకి పేరు మార్సేసినారు బాబూ. నాను నడిపిన ఓడ నాకు తెలీదేటి?"

ఇప్పుడు ఏజెంట్ జాన్ పాల్ ఇయర్‌పీస్‌లో కామరాజు గొంతు కటువుగా పలికింది.

"ఆత్మహత్యయితే ముసలాయన మతిచెడి వాగాడని ఓడను లోపలికి వదిలేస్తారు. హత్యయితే ఆయన చెప్పింది నిజం. పేరు మార్చిన ఓడలో మైన్స్, అంటే సముద్రంలో పేల్చే మందుపాతరలు, వస్తున్నాయని మనకు ముందే కబురుంది. హార్బర్‌లోకి వచ్చే ఇరుకు దారిలో, ఛానెల్‌లో, పేలితే మన యుద్ధనౌకలన్నీ హార్బర్‌లోనే బందీలు. నాకు రుజువు కావాలి. కోడ్ వర్డ్ 'ఉప్పుగాలి'. వినగానే ఓడను ఆపిస్తాను."

జాన్ పాల్ శవపేటిక తెచ్చిన కూలీ వేషంలో మార్చురీలో అడుగుపెట్టాడు. ఏజెన్సీ ఫోరెన్సిక్ నిపుణురాలు కేథరిన్ తెల్లకోటులో కూడా ఫ్యాషన్ షోకి వచ్చినట్టే నవ్వుతూ నిలబడి ఉంది. ఆ నవ్వు చూసి రిపోర్టులు నమ్మేసే అధికారులంటే అతనికి ఒళ్ళుమంట.

"వేషం బాగుంది జాన్. పెట్టె మొయ్యడం కూడా వచ్చా?"

"రిపోర్ట్ చెప్పు."

"కాంటాక్ట్ షాట్, తుపాకీ ఆనించి కాల్చింది. గాయం లోపల మసి, చుట్టూ చీలిన చర్మం. పెద్దవయసు వాళ్ళ తుపాకీ చావులు చాలావరకు ఇంతే. నొప్పులు, ఒంటరితనం. ఫైల్ మూసెయ్."

"ఒంటరితనమా? భార్య గుమ్మంలోనే నిలబడి ఉంది."

ఇయర్‌పీస్ గరగరలాడింది. "ఓడ కదిలింది. తొందరగా!"

ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతో ఆయన భార్య దేవకుమారి లోపలికొచ్చింది. ఆయన ఆదివారం చర్చికి వేసుకునే చొక్కా అది. జాన్ పాల్ అందుకుని ఎడమ చేతికి తొడగబోయాడు.

"అలాక్కాదు బాబూ! ముందు కుడి సెయ్యి దూర్చు. ఆ సెయ్యి బుజం దాటి లెగదు. ఇన్నాళ్ళూ తల కూడా నానే దువ్వుతన్నాను."

పోయిన మనిషికి నొప్పెడుతుందేమోనని ఆమె ఆ చేతిని మెల్లగా చొక్కాలోకి దూర్చింది. జాన్ పాల్‌కి కోపం ముంచుకొచ్చింది. తల దువ్వుకోలేని చెయ్యి కణతకు పిస్టల్ ఎలా ఆనిస్తుంది?

"ఆత్మహత్యలా కనబడేలా ఎక్కడ కాల్చాలో వాళ్ళకి నేర్పి, ఫైల్ మూసెయ్యమని తొందరపెట్టింది నువ్వే," అన్నాడు కేథరిన్‌తో. "కణత చూశావు. భుజం చూసుకోలేదు."

కేథరిన్ కోటు జేబులోంచి సైలెన్సర్ పిస్టల్ బయటికొచ్చింది.

"ఉప్పుగాలి!" అని అరుస్తూనే జాన్ పాల్ శవపేటిక మూత ఎత్తి ఆమె మణికట్టు మీద కొట్టాడు. తూటా గోడలో దిగింది. పిస్టల్ బల్ల కిందికి జారిపోయింది.

ఆమెకూ బల్లకూ మధ్య నిలబడి ఇయర్‌పీస్‌ని చెవికి నొక్కుకున్నాడు. చాలాసేపటికి కామరాజు పలికాడు. "ఛానెల్ ముఖంలో నేవీ ఆపేసింది. మైన్స్ దొరికాయి. ఇంకాస్త ఆలస్యమయితే మన పని అయిపోయేది."

"మా ముసలాయన్ని పిరికోడని రాసేత్తావేటే? నీ సేతులిరిగిపోనూ!" దేవకుమారి కేథరిన్ మొహం మీదికెళ్ళింది.

కేథరిన్ వాచిన కుడి మణికట్టును వెనక్కి దాచుకుని, జాన్ పాల్ తీసిన సంకెళ్ళకు ఎడమ చెయ్యి చాపింది.

"అలాక్కాదు డాక్టర్‌గారూ," అన్నాడు జాన్ పాల్. "ముందు కుడి చెయ్యి."