రసీదు ఉన్న ఫ్లాపీ

సుబ్బరాయుడు మోసం చేయకపోయి ఉంటే ఏజెంట్ ఎల్లేశం మాదాపూర్‌లో ఇంత కడుపుమంటతో చాయ్ పోసేవాడు కాదు.

ఆ మాట అతను రోజూ లిఫ్టు ఎక్కేటప్పుడు అనుకుంటాడు. ఆరంతస్తుల అద్దాల బిల్డింగు అది. లిఫ్టు కోసం గొయ్యి తీసిన చోట ఒకప్పుడు వాళ్ల ఎకరం పన్నెండు గుంటల జొన్న చేను ఉండేది. నాలుగేళ్ల కింద సుబ్బరాయుడనే భూముల బ్రోకరు తెల్ల అంబాసిడర్‌లో వచ్చాడు. "మీ పాసుబుక్కు పనులన్నీ నేనే చేయించి పెడతానండి, ఊరికేనే, ఒక్క పైసా వద్దు" అన్నాడు. సంతకాలు తీసుకున్నాడు. తీసుకున్న ప్రతి కాగితానికీ స్టాంపు అంటించి, తోక మెలితిరిగిన సంతకం పెట్టి రసీదు ఇచ్చాడు. ఊరికే చేసే పనికి రసీదెందుకని ఎల్లేశంకి తట్టలేదు. ఆర్నెల్లకు బుల్డోజర్ వచ్చింది. దేశం సరిహద్దుల మీద పద్నాలుగేళ్లు కన్నేసి ఉంచిన మనిషి తన చేను గట్టు చూసుకోలేకపోయాడు.

ఏడో తరగతిలో బడి మానేసినవాడు గూఢచారి ఏమిటని ఎవరైనా అనుకోవచ్చు. అందుకే పనికొచ్చాడు. చాయ్ కప్పులు తీసేవాడి ముందు మాట ఆపేవాళ్లు ఎవరూ ఉండరు.

1999 మే, శుక్రవారం. ఉదయం తొమ్మిదికి హఫీజ్‌పేట్ స్టేషన్ బెంచీ మీద ఒక పెద్దమనిషి గొడుగు పట్టుకుని కూర్చున్నాడు.

"లింగంపల్లి బండి ఎన్నింటికండి?"

"అది పోయింది. ఇగ వచ్చేది గూడ్సు బండి."

కోడ్ కలిసింది. పెద్దమనిషి పేరు రామ్మోహనరావు. డిపార్ట్‌మెంట్‌లో డిప్యూటీ డైరెక్టర్. మొహం పక్కకు తిప్పుకుని మాట్లాడాడు.

"న్యూస్‌గ్రూప్ అంటే తెలుసా ఎల్లేశం?"

"కూడలి కాడ గోడ అసుంటిది సార్. ఎవడన్న కాగితం అంటియ్యొచ్చు, ఎవడన్న సదువుకోవచ్చు. గోడ మాత్రం దునియా అంత పొడుగుంటది."

"సరే. అక్వేరియం చేపలు పెంచేవాళ్ల గ్రూప్ ఒకటి ఉంది. స్టార్‌ఫిష్ రింగ్ అనే ముఠా అందులోనే సందేశాలు పెడుతోంది. ప్రతి శుక్రవారం నాలుగింటికి చేప ఫొటో ఒకటి పెడతారు, పదకొండు ముక్కలుగా. పది నిమిషాల్లో కేన్సిల్ చేసేస్తారు. ఇవాళ్టి ఫొటోలో ఓడ పేరు వస్తుంది. ఆయుధాల ఓడ. పేరు తెలియకపోతే రేపు తెల్లారేసరికి మన రేవులో ఉంటుంది."

"మన కాడ సదివే ప్రోగ్రాం ఉన్నది గద?"

"ఉంది. ముక్కల్ని అతికించడం దానికి రాదు. అతికించే కొత్త న్యూస్‌రీడర్ ప్రోగ్రాం కావాలి. శాంక్షన్ లేదు కాబట్టి ఫ్రీగా దొరికేదే వేసుకోవాలి. మూడు చూశాం. కైట్, ట్రీరీడర్, గ్రూప్‌మేట్. మూడూ ముక్కల్ని అతికిస్తాయి."

"ఇంక పరేషాన్ ఏంది?"

"మూడింటిలో ఒకటి రింగ్ వాళ్లు తయారుచేసింది. రాత్రే తెలిసింది. మొదటిసారి లైన్ కలవగానే ఆ కంప్యూటర్‌లో ఉన్న ఫైళ్లన్నీ వాళ్లకి పంపేస్తుంది."

"అండ్ల ఏమున్నయి?"

రామ్మోహనరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "బయట పనిచేసే మన పదిహేడు మంది పేర్లు."

"గవి గా కంప్యూటర్లనే ఎందుకు పెట్టిన్రు సార్?"

"మనకున్న కంప్యూటర్ అదొక్కటే. రెండోదానికి ఇండెంట్ పెట్టి పద్నాలుగు నెలలైంది. మూడు కొటేషన్లు ఉండాలి, రెండే వచ్చాయి. పేర్ల ఫైలు చెరిపేయాలంటే ఢిల్లీ పర్మిషన్ కావాలి. ఫ్యాక్స్ పంపాను. సోమవారం వస్తుందట."

ఆ పదిహేడులో తొమ్మిదో పేరు యాదమ్మ. ఎల్లేశం చెల్లెలు. గల్ఫ్‌లో ఒక రేవు పట్టణంలో, స్టార్‌ఫిష్ నాయకుడి బంగళాలో వంటమనిషి. ఆమె విన్న మాటల వల్లే ఈ చేపల గ్రూప్ సంగతి బయటపడింది. ఆ పేరు వాళ్ల చేతికి వెళితే సాయంత్రం వంటింట్లో ఆమె ఉండదు.

"పరీక్ష చేస్తున్నది ఎవరు?"

"దేవిశ్రీ, కన్సల్టెంట్. మన తరఫున రింగ్‌లో తిరుగుతోంది. వాళ్ల తరఫున మనలో తిరుగుతోందేమో కూడా తెలియదు. నీ పని ఒకటే. నాలుగు కొట్టేలోపు విషం ఎందులో ఉందో చెప్పాలి." గొడుగు పక్కనున్న స్టీలు ఫ్లాస్కు అతని వైపు జరిపాడు. "అడుగు తిప్పితే కట్టర్ ఉంటుంది."

"చాయ్ పడుతదా?"

"ముప్ఫై కప్పులు."

మూడో అంతస్తులో ఆఫీసుకు 'తీరప్రాంత వర్షపాత గణాంక కేంద్రం' అని బోర్డు ఉంది. హైదరాబాద్‌కు తీరం ఎక్కడిదని ఇంతవరకు ఎవరూ అడగలేదు. లోపల కంప్యూటర్ ఉన్న గదికి గుడికున్నంత మడి. బయట చెప్పుల స్టాండు, తలుపు మీద 'పాదరక్షలు లోపలికి అనుమతించబడవు'. డిప్యూటీ డైరెక్టరైనా మేజోళ్లతోనే వెళ్లాలి. దుమ్ము పడితే కంప్యూటర్ చచ్చిపోతుందని వాళ్ల నమ్మకం.

రెండింటికి ఎల్లేశం ట్రే పట్టుకుని వెళ్లాడు. దేవిశ్రీ కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. నెమలికంఠం రంగు చీర, నల్లద్దాలు తలమీద, గదంతా సెంటు వాసన. ఎర్ర హైహీల్స్ బయట స్టాండులో ఉన్నాయి.

"అల్లం వేశారా ఎల్లేశం గారూ?"

"అల్లం అయిపోయింది మేడమ్. యాలకులున్నయి."

ఈ కోడ్ కూడా కలిసింది. ఆమె పక్కన స్టోర్స్ సూపరింటెండెంట్ చంద్రయ్య ఫైలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎల్లేశం అసలు ఎవరో చంద్రయ్యకు తెలియదు.

"కైట్ చాలా స్పీడండి" అంది దేవిశ్రీ. "కాకపోతే చూడ్డానికి ముఖం బాగోదు. ట్రీరీడర్‌లో ఎవరికెవరు జవాబిచ్చారో చెట్టు కొమ్మల్లా కనిపిస్తుంది, కానీ పైన ప్రకటనలు తిరుగుతూ ఉంటాయి, మన డయలప్ లైన్ సగం అవే తినేస్తాయి. గ్రూప్‌మేట్ మధ్యరకం."

"అదంత నాకొద్దమ్మా" అన్నాడు చంద్రయ్య. "మూడింటి రేటూ సున్ననే రాసిన్రు. అందరికన్న తక్కువ రేటోనికి ఇయ్యాలని రూలు. ముగ్గురూ సున్న అంటే తక్కువోడు ఎవడు?"

"మీరే చెప్పాలి చంద్రయ్య గారూ. ఫైలు మీది కదండీ."

కప్పు అందుకుంటూ ఆమె సాసర్ కింద చిన్న చీటీ పెట్టింది. మెట్ల దగ్గరికొచ్చి ఎల్లేశం విప్పి చూశాడు. రెండే మాటలు. కైట్ వద్దు.

నమ్మాలా? నిజం చెప్పే మనిషైతే కైట్‌లో విషం ఉంది. అబద్ధం చెప్పే మనిషైతే మిగతా రెండింటిలో ఒకదాంట్లో ఉంది. బావి గట్టు మీద నిలబెట్టి ఎటు దూకుతావని అడిగినట్టుంది. రామ్మోహనరావును ఒంటరిగా పట్టుకుందామంటే తలుపేసుకుని ఢిల్లీతో ఫోన్‌లో ఉన్నాడు. గోడ గడియారం మూడున్నర చూపించింది. తర్వాత మూడూ నలభై.

మూడూ యాభైకి స్టోర్స్ గదిలో కప్పులు తీయడానికి వెళ్తే చంద్రయ్య మొహం వెలిగిపోతోంది.

"తెగింది ఎల్లన్నా. గ్రూప్‌మేట్. నాలుగు దాటొద్దని సార్ సంతకం గూడ పెట్టిండు."

"గదే ఎందుకు పటేలా?"

"కడమ రెండు నెట్ల నుంచి దించుకున్నరట. బిల్లు లేదు, లెటర్ లేదు. ఎవడిచ్చిండని రేపు ఆడిటోడు అడుగుతే ఎవని మొకం సూపియ్యాలె? ఇగో, దీన్ని సూడు. కవరింగ్ లెటర్, బిల్లు, ముట్టిన రసీదు. మర్యాదస్తుడు. కాగితం లేనిది ఈ ఆఫీసుల గడప దాటదని తెలిసినోడు."

ఎల్లేశం వంగి చూశాడు. 'గ్రూప్‌మేట్ న్యూస్‌రీడర్, ఫ్లాపీ ఒకటి. ధర సున్నా రూపాయలు మాత్రమే. ముట్టినది.' కింద స్టాంపు. స్టాంపు మీద తోక మెలితిరిగిన సంతకం.

ఆ తోకను అతను నాలుగేళ్లుగా కోర్టు కాగితాల మీద చూస్తున్నాడు. చీకట్లో తడిమినా గుర్తుపడతాడు.

ఊరికే ఇచ్చేవాడు ఇచ్చి ఊరుకుంటాడు. ఊరికే ఇచ్చి రసీదు రాసేవాడికి కావాల్సింది నీ జేబులో ఇంకేదో ఉంటుంది. ఈ ఆఫీసు ఎట్లా పనిచేస్తుందో రింగ్‌కు ఎవరో చెప్పారు. ప్రోగ్రాం బాగుందా లేదా ఇక్కడ ఎవరూ చూడరు, బిల్లు ఉన్నదాన్నే తీసుకుంటారని చెప్పారు.

మూడూ యాభై ఎనిమిది. ఎల్లేశం ఫ్లాస్కు పట్టుకుని పరుగెత్తాడు. కంప్యూటర్ గది ముందు అలవాటు కొద్దీ చెప్పులు విడుస్తుంటే కాలు ఆగిపోయింది. స్టాండులో రామ్మోహనరావు బూట్లు ఉన్నాయి. ఎర్ర హైహీల్స్ లేవు, లోపల మాత్రం దేవిశ్రీ గొంతు.

చెప్పులతో లోపలికి వెళ్లిందంటే పని కాగానే వెళ్లిపోవడానికే వెళ్లింది.

తలుపు తోశాడు. రామ్మోహనరావు కుర్చీలో, దేవిశ్రీ అతని వెనక. తెరమీద గ్రూప్‌మేట్ నీలం కిటికీ. మోడెం డయల్ చేసి కీచుమంటోంది.

"చాయ్ అడగలేదే ఎల్లేశం గారూ" అంది ఆమె. చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంది.

"అడగకుంటనే తెచ్చిన మేడమ్. ఊరికెనే."

ఫ్లాస్కు నేలమీద పెట్టే వంకతో వంగి అడుగు తిప్పాడు. కట్టర్ చేతిలోకొచ్చింది. టేబుల్ కింద ఫోన్ వైరు పుటుక్కున తెగింది. మోడెం కీచు సగంలో చచ్చిపోయింది.

"దాన్ని ముట్టకుర్రి సార్. విషం అండ్లనే ఉన్నది."

హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న పిస్టల్ బయటికొచ్చింది. ఆమె గొంతు మాత్రం మారలేదు. "వైరు కలపండి ఎల్లేశం గారూ. మీ చెల్లెలి పేరు తొమ్మిదోది కదా? పంపేటప్పుడు ఆ ఒక్కటీ తీసేయిస్తాను. ఫ్రీగా."

ఒక్క క్షణం. ఆ ఒక్క క్షణం అతనికి యాదమ్మ కనిపించింది, చేలో జొన్న కంకి కాల్చుకుంటూ. తర్వాత ఆ చివరి మాట చెవిలో పడింది.

"ఇంతకుముందు ఒగడు గిట్లనే ఇచ్చిండు మేడమ్" అని ఫ్లాస్కును కాలితో తన్నాడు.

మూత ఊడి ముప్ఫై కప్పుల చాయ్ పాలరాతి నేలమీద పారింది. దేవిశ్రీ వెనక్కి అడుగేసింది. వట్టికాళ్లయితే నిలదొక్కుకునేది. సన్నటి మడమ చాయ్ మీద జారింది, మనిషి వెల్లకిలా పడింది, పిస్టల్ జారిపోయి బీరువా కిందికి పోయింది. రామ్మోహనరావు గొడుగు తీసుకుని ఆమె మెడ మీద ఆనించాడు.

నాలుగూ రెండు.

"మిగతా రెండింటిలో ఏది వేయాలి?"

"కైట్. అది వద్దని ఈమె నాకు చీటీ ఇచ్చింది."

"వద్దని ఆమే చెప్పిందంటే..."

"అందుకే సార్. ట్రీరీడర్ ప్రకటనలతోని లైన్ నింపుతది, దాన్ని ఎట్లయినా పక్కకు పెడతరు. కైట్ ఒక్కటే ఈమెకు అడ్డం. మంచిదాన్నే వద్దంటది గని చెడ్డదాన్ని ఎందుకు వద్దంటది?"

గ్రూప్‌మేట్ తీసేసి కైట్ ఫ్లాపీ పెట్టడానికి రెండు నిమిషాలు పట్టింది. ఎల్లేశం నేలమీద కూర్చుని వైరు తొడుగు పళ్లతో ఒలిచి, రాగి తీగలు మెలిపెట్టి చేత్తో పట్టుకున్నాడు. వదిలితే లైన్ పోతుంది. నాలుగూ అయిదుకు మోడెం మళ్లీ కీచుమంది. ఒకటో ముక్క. రెండు. అయిదు. తొమ్మిది దగ్గర లైన్ తడబడింది. ఎల్లేశం వేళ్లు బిగించాడు. నాలుగూ తొమ్మిదికి పది వచ్చింది. సెకన్ల ముల్లు సగం తిరిగింది, ముప్పావు తిరిగింది. పదకొండోది తెరమీద పడింది. అప్పుడే గ్రూప్‌లో ఆ సందేశం మాయమైపోయింది.

ముక్కలు అతుక్కుని నారింజ రంగు చేప ఒకటి తేలింది. తోక మీద చీమంత అక్షరాల్లో ఓడ పేరు. ఎం.వి. కోరల్ లాంతర్న్.

రామ్మోహనరావు కోస్ట్‌గార్డ్‌కు ఫోన్ చేయాలని రిసీవర్ ఎత్తి, లైన్ ఎల్లేశం చేతిలో ఉందని గుర్తొచ్చి, అతన్ని అలాగే పట్టుకోమన్నాడు. అంతలో చంద్రయ్య తలుపులో నిలబడి లోపలికి చూశాడు. గొడుగు కింద కన్సల్టెంటు, నేలనిండా చాయ్, తెగిన వైరు, తెరమీద చేప.

"ఇగ ఈ కైట్‌కు బిల్లెవడిస్తడు?" అన్నాడు.

వారం తర్వాత, హఫీజ్‌పేట్ స్టేషన్. అదే బెంచీ, అదే గొడుగు.

"ఓడ దొరికింది. సుబ్బరాయుడు నిజాంపేటలో ఒక హాస్టల్ గదిలో ఫ్లాపీలు కాపీ చేయిస్తూ పట్టుబడ్డాడు. దేవిశ్రీ అన్నీ చెబుతోంది, రెండు వైపులవీ. యాదమ్మ నిన్న బొంబాయిలో దిగింది. దిగీ దిగగానే పచ్చిపులుసు అడిగిందట."

ఎల్లేశం తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "మంచిది సార్."

"ఇంకొకటి. సుబ్బరాయుడి ఆస్తులన్నీ గవర్నమెంట్ జప్తు చేసింది. ఇక ఒక్క గజం కూడా వాడి చేతికి రాదు."

"అండ్ల నాది?"

రామ్మోహనరావు గొడుగు పిడి సర్దుకున్నాడు. "అదీ జప్తేనయ్యా. వాడి పేరు మీద ఉంది కదా. ఇప్పుడు గవర్నమెంట్‌ది. క్లెయిమ్ పెట్టుకోవచ్చు. పదేళ్లు, పన్నెండేళ్లు."

"రసీదు ఇస్తరా సార్?"

పెద్దాయన నవ్వలేదు. జేబులోంచి టైపు చేసిన జప్తు జాబితా తీసి ఇచ్చాడు. ఎల్లేశం వేలుపెట్టి ఒక్కో లైనే చదువుకుంటూ పోయాడు. అంబాసిడర్ కారు ఒకటి. ఫ్లాపీ డబ్బాలు నలభై. అన్నిటికన్నా కింద, స్టాంపుకు ఆనుకుని: మాదాపూర్, మెట్ట, ఎకరం పన్నెండు గుంటలు.