సున్నా అనుకున్న ఇల్లు

2094 నాటికి కుజగ్రహం మీద అరుణపురంలో మణికట్టుకు సేవామాపకం లేని మనిషి లేడు. జీతం భత్యం లేకుండా ఇంట్లో రోగిని కనిపెట్టుకుని ఉండేవాళ్ళను అది పసిగడుతుంది. పక్క మనిషి దగ్గితే గుండె ఎంత వేగంగా కొట్టుకుందో, నిద్ర ఎన్నిసార్లు చెదిరిందో, అన్నం దగ్గర్నుంచి ఎన్నిసార్లు లేచారో దాని సెన్సర్లు కొలుస్తాయి. అంకె ముప్ఫై దాటితే మర్నాడే సహాయకుడొకడు తలుపు తడతాడు.

దీన్ని కనిపెట్టిన డాక్టర్ మందాకిని ఉద్దేశం మంచిదే. సేవ చేసేవాళ్ళు నోరు విప్పి చెప్పరు. "నా మొగుడికి నేను చేయక ఎవరు చేస్తారు?" అనేసి ఊరుకుంటారు. అందుకే అడగకుండా తెలుసుకునే యంత్రం చేసింది.

మస్తానమ్మ దగ్గర ఆ యంత్రం తెల్లమొహం వేసింది. ఊపిరితిత్తులు చెడిన భర్తను ఆరేళ్ళుగా చూసుకుంటున్న ఆమె, మందాకిని ల్యాబు మెట్ల మీదే కళ్ళు తిరిగి పడిపోయింది. అంకె చూస్తే సున్నా!

"నేను అబద్ధం చెప్తా ఉండానా తల్లీ? ఆయన దగ్గినప్పుడల్లా లేస్తానే ఉండాను," అంది మస్తానమ్మ.

మందాకినికి తల కొట్టేసినట్టయింది. ఆమెను పడుకోబెట్టి, ల్యాబు కంప్యూటర్‌ని నిలదీసింది.

"లోపం ఎక్కడుంది?"

"సెన్సర్లలో లేదు డాక్టర్. సున్నాలో ఉంది."

"ఆ సున్నా కొలత ఎక్కడ తీశాం?"

"మీ ఇంట్లో. మీ భర్త మణికట్టు మీద. 'బాధ్యతలేవీ లేని మామూలు మనిషి' అని మీరే రాశారు."

మందాకినికి అర్థమైంది. పళ్ళెంలో ముందే రాయి వేసి, ముల్లును సున్నాకి దిద్దిన త్రాసు తన యంత్రం. ఆ రాయి ఆమె భర్త త్రివిక్రమ్. గనుల ఇంజనీరు ఉద్యోగం మానేసి, పక్షవాతంతో మాట పడిపోయిన మందాకిని తండ్రిని తొమ్మిదేళ్ళుగా చూస్తున్నది అతనే. అతనికన్నా ఎక్కువ చేస్తే తప్ప ఊళ్ళో ఎవరికీ అంకె కదలదు. ఎంతమందిని ఉత్తచేతులతో పంపేసిందో!

సున్నా చెరిపేసి, మస్తానమ్మకు అప్పటికప్పుడే సహాయకుణ్ణి పంపి, ఇంటికి పరిగెత్తింది. త్రివిక్రమ్ మణికట్టు మీద తొంభై ఆరు.

"నాకు ఎందుకు చెప్పలేదు?"

"ఇంట్లో విశేషాలేమైనా ఉన్నాయా అని ఆరోజు కొలత తీస్తూ అడిగావుగా. లేవన్నాను. నేనూ అలాగే అనుకున్నానే," అన్నాడతను దుప్పటి మడతపెడుతూ.

ఆమెకు ఏడుపొచ్చింది. ఇంతలో లోపలి నుంచి తండ్రి మూలిగాడు. త్రివిక్రమ్ కదలబోతే కూర్చోబెట్టి, తానే వెళ్ళింది. ముసలాయన ఆమె మొహంలోకి చూసి మళ్ళీ అలాగే మూలిగాడు. దాహమా, నొప్పా, పక్క మార్చమనా? ఎంత చూసినా అంతుబట్టలేదు.

మందాకిని గుమ్మం దాకా వచ్చి, "నాన్న ఏమంటున్నారు?" అని భర్తను అడిగింది.