రెండో సూది

నాందేడ్ బస్టాండ్ ఎదుట చెరకు రసం బండి దగ్గర రామకిషన్ తన గ్లాసులో ఐస్ వద్దన్నాడు. గొంతు పట్టేస్తుందట. వెనకాలే చావును నిలబెట్టుకున్న మనిషి గొంతునొప్పికి భయపడ్డాడే అని తలుచుకున్నప్పుడల్లా, ఆ రోజంతా ప్రజ్ఞకు ఒళ్లు మండుతూనే ఉంది.

"బాసర బండి పోయిందా?" అని అడిగింది ఆమె.

"పోయింది. ఇగ నడుచుకుంట పోవాలె," అన్నాడు అతను.

కోడ్ సరిపోయింది. ఇద్దరూ బండి పక్కనున్న బెంచీ మీద కూర్చున్నారు.

ప్రజ్ఞ కేంద్ర నిఘా సంస్థలో బోర్డు లేని ఒక విభాగానికి ఫీల్డ్ ఏజెంట్. పుట్టింటివాళ్లకూ, అత్తింటివాళ్లకూ, పెళ్లయి ఇంకా నెల తిరగని భర్త అమోల్‌కూ మాత్రం ఆమె మందుల దుకాణాలు తనిఖీ చేసే ఆఫీసరు. రామకిషన్ ఒక విదేశీ రీసెర్చ్ ల్యాబులో కెమిస్ట్. నిజం చెప్పాలని తనంతట తానే వచ్చాడు.

"ఎల్-17 మందు కాదు మేడం," అన్నాడు గొంతు తగ్గించి. "మొదటి సూది ఏం జెయ్యది. నొప్పులు తగ్గినట్టు అనిపియ్యాలని స్టెరాయిడ్ కలిపిండ్రు, గంతే. అది పెయిల సప్పుడు జెయ్యక కూసుంటది. రెండో సూది పడంగనె గుండె ఆగుతది. పోస్టుమార్టంల ఏం దొరకది. అసొంటి విషం కొనెటందుకు బయటి దేశమోల్లు కాసుకోని ఉన్నరు. ఎంతమందిని సంపుతదో లెక్క సూపియ్యమన్నరు."

"ఎవరి మీద చూపిస్తున్నారు?"

"సరిహద్దు ఊర్ల కూలికి పొయ్యే ఆడోల్ల మీద. క్లినికల్ ట్రయల్ అని పేరు. రెండో సూది ఇయ్యాల్నె." అతను గ్లాసు కింద పెట్టాడు. "ఇంకో ముచ్చట. నెల కింద మా స్టాఫ్‌కందరికి విటమిన్ సూది అని ఒకటి ఇచ్చిండ్రు. మిగిలిన మందు నిన్న పరీక్ష జేసి సూసిన. గది గూడ ఎల్-17ఏ, గా మొదటి సూది మందె. అంటె మేం గూడ..."

బస్సు దిగిన జనం బెంచీని రాసుకుంటూ పోయారు. రామకిషన్ చీమ కుట్టినట్టు మెడ మీద చెయ్యి వేసుకున్నాడు. ఆ చెయ్యి కిందికి జారింది. దాని వెనకే మనిషీ జారాడు.

ప్రజ్ఞ లేచేసరికి తెల్ల టోపీ ఒకటి సిటీ బస్సు చాటుకు పోయి మాయమైంది. ఆమె రామకిషన్ పక్కన మోకాళ్ల మీద కూర్చుని నాడి చూసింది. లేదు. గుండె మీద రెండు చేతులూ వేసి చాలాసేపు నొక్కింది. రాలేదు. అంబులెన్స్ వాళ్లు వచ్చి ఆమెను పక్కకు జరిపినప్పుడు జేబులో ఫోన్ మోగింది. అమోల్.

"పప్పుల ఉప్పు ముందెయ్యాల్నా, ఉడికినంకనా?"

"ఉడికినంక," అంది ప్రజ్ఞ.

*

పసుపు మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణం పైన వాళ్ల ఆఫీసు. లోపలికి అడుగుపెడితే తుమ్ము రావలసిందే. విభాగం అధిపతి బాబురావ్ పదేళ్లుగా తుమ్ముతూనే దేశాన్ని కాపాడుతున్నాడు.

"కొంగల పనే," అన్నాడు. ఆ ముఠాకు పేరు పెట్టింది ఆయనే. తెల్లకోట్లు తొడుక్కుని, కళ్లు మూసుకుని ఒంటికాలి జపం చేస్తారని. "వాళ్ల పెద్ద విక్టర్ ఊళ్లోనే ఉన్నాడు. సాయలి లైన్లో ఉంది, మాట్లాడు."

స్క్రీన్ మీద సాయలి కనిపించింది. ఆమె బాబురావ్ మనిషి. ముఠాలోకి ట్రయల్ డాక్టరుగా దూరింది. నల్లద్దాలు, పట్టుచీర, లిప్‌స్టిక్ చెదరని నవ్వు. ఏ గదిలోకి అడుగుపెట్టినా ఫ్యాను కూడా తనకేసి తిరుగుతుందని నమ్మే మనిషి.

"రామకిషన్ గురించి విన్నాను, పాపం," అంది. "క్యాంపు మధ్యాహ్నం హిమాయత్‌నగర్‌లో, ప్రజ్ఞాతాయీ. పేషెంట్ల సమ్మతి వీడియోలు పంపిస్తున్నాను. అందరూ ఆ ఊరి చుట్టుపక్కలవాళ్లే. అక్కడ మాటు వేయండి, చేతికి దొరుకుతారు."

కాల్ ఆగింది.

"సాబ్, ఆ విటమిన్ సూది ఈమెకూ పడి ఉంటుంది," అంది ప్రజ్ఞ. "ఇప్పుడే చెప్పాలి."

"ఫోన్లో వద్దు. విక్టర్ వింటాడు. చేతికి అందినప్పుడు చెవిలో చెప్పు."

"రామకిషన్ నన్ను కలుస్తున్నట్టు ఎవరికి తెలుసు?"

బాబురావ్ తుమ్మాడు. "నీకు, నాకు, సాయలికి."

ప్రజ్ఞ సాయలి పంపిన వీడియోలు ఫోన్లోకి ఎక్కించుకుని మెట్లు దిగింది.

*

హిమాయత్‌నగర్ క్యాంపులో షామియానా ఉంది, కుర్చీలున్నాయి, 'ఉచిత వైద్య శిబిరం' అని బ్యానరుంది. మనిషి లేడు. సోయాబీన్ బస్తాల లారీ వెనక మఫ్టీ పోలీసులు మూడో టీ తాగుతున్నారు. ప్రజ్ఞ జీపులో కూర్చుని వీడియోలు మళ్లీ పెట్టింది. డ్రైవర్ విలాస్ అద్దంలోంచి చూస్తున్నాడు.

ట్రయల్‌లో చేరే ప్రతి మనిషీ తన నోటితో ఒప్పుకున్నట్టు తీసిన వీడియోలవి. వెనక ఎవరిదో గొంతు అడుగుతుంది: నీ పేరేంటి, నీ భర్త పేరేంటి? ఒకామె చెప్పింది. రెండో ఆమె చెప్పింది. మూడో ఆమె కూడా ఆధార్ నంబరు అప్పజెప్పినట్టు గడగడా చెప్పేసింది.

ప్రజ్ఞ ఫోన్ ఒళ్లో పెట్టుకుంది.

ఈ ఊళ్లలో ఆడది మొగుడి పేరు అలా చెబుతుందా? అడిగితే కొంగు నోటికడ్డం పెట్టుకుంటుంది. పక్కదాన్ని చెప్పమంటుంది. పిల్లవాడి పేరు చెప్పి వాళ్ల నాయన అంటుంది. మరీ గుచ్చితే పాటలో దాచి చెబుతుంది. మరాఠీ వాళ్లు ఉఖాణా అంటారు. మొన్న తన గృహప్రవేశం నాడు ఆడబిడ్డ గడపకు అడ్డం నిలబడితే, ఏజెంట్ ప్రజ్ఞ, మూడు దేశాల సరిహద్దులు దాటిన ప్రజ్ఞ, అమోల్ అనే మూడక్షరాలు పలకలేక చెమటలు కక్కింది. వెనక నిలబడ్డ అమోల్ పగలబడి నవ్వాడు. ఆ నవ్వు గుర్తొచ్చి ఇంత కోపంలోనూ ఆమె పెదవి ఒక్క క్షణం వంకర తిరిగింది.

"వీళ్లు పట్నంలో కిరాయికి తెచ్చినోల్లు, విలాస్. ఎవరి మొగుడి పేరో చెబుతున్నరు."

"అందరా మేడం?"

చివరి వీడియోలో మాత్రం ఒక పెద్దామె ఉంది. పేరు రఖమాబాయి. మొగుడి పేరు అడగ్గానే తల వంచుకుని నవ్వింది. "సీ, గదెందుకు మీకు," అంది. మళ్లీ అడిగితే రాగం తీసింది:

"సర్ఖని అంగట్ల సక్కని సీర,
కాశీరాం కొన్నడు కయ్యం తీర."

వంద అబద్ధాలు కుట్టేటప్పుడు సాయలి తొందరలో ఒక నిజం గుడ్డ కూడా కలిపి కుట్టేసింది. పట్నపు మనిషికి అది ఉత్త పాట, ప్రజ్ఞకు మాత్రం కిన్వట్ అడవి వైపున్న ఊరి చిరునామా.

ప్రజ్ఞ బాబురావ్‌కు ఫోన్ చేసింది. "క్యాంపు సర్ఖనిలో. సాయలి వాళ్ల మనిషి. రామకిషన్‌ను పట్టిచ్చింది తనే."

అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. తరవాత ఆయన, "కిన్వట్ పోలీసులను పంపిస్తాను. నువ్వు ముందు చేరు," అన్నాడు.

విలాస్ జీపును గుర్రంలా తోలాడు. పత్తి చేలు పోయి టేకు చెట్లు వచ్చేసరికి ఫోన్లో సిగ్నల్ పోయింది. గాజుల మధ్య దాచిన కెమెరా గాజు, ఢిల్లీ వాళ్లు ఎంతో మురిపెంగా పంపింది, నెట్‌వర్క్ లేక ఉత్త గాజైంది. ప్రజ్ఞ వెనక సీట్లోనే చీర మీద మగవాళ్ల చొక్కా తొడిగి, తలకూ ముఖానికీ తువ్వాలు చుట్టింది. పత్తి ఏరే కూలి మనిషి తయారైంది.

*

సర్ఖని అంగడి షెడ్డు కింద ఆడవాళ్లు బారు కట్టి ఉన్నారు. బల్ల మీద ఐసు పెట్టె. దాని వెనక తెల్ల టోపీ పెట్టుకుని విక్టర్. పట్టుచీర మీద తెల్లకోటుతో సాయలి. ఆ అత్తరు వాసనకు బారులో చివరి ఆమె కూడా ముక్కు ఎగరేస్తోంది.

బారులో మొదటి మనిషి రఖమాబాయి. ప్రజ్ఞ నేరుగా పోయి ఆమె పక్కన దూరింది.

"ఏ పోరీ, ఎనకకు పో," అంది రఖమాబాయి. "నీ అత్తగారిల్లా ఇది, సక్కగ లోపలికి వస్తున్నవ్?"

"పెద్దమ్మా, ఆ సూది తీస్కోకు," అంది ప్రజ్ఞ తెలుగులో, గొంతు తగ్గించి. సాయలికి మరాఠీ వచ్చు, తెలుగు రాదు. "అది విషం. పొద్దుగాల ఒక మనిషి నా కండ్ల ముంగట సచ్చిపోయిండు."

"మొదటి సూదికి నా మోకాళ్లు లేసి నడిచినయ్. నువ్వేమిచ్చినవ్ నాకు?"

"ఏం ఇయ్యలె."

"మరి నీ మాటెందుకినాలె?"

ప్రజ్ఞ చొక్కా లోపల గుర్తింపు కార్డుంది, నడుముకు పిస్తోలుంది. కార్డు ఈమె చదవలేదు. పిస్తోలు తీస్తే బారు చెదిరి, ఐసు పెట్టెతో విక్టర్ అడవిలో పడతాడు. రేపు ఇంకో ఊళ్లో ఇంకో షెడ్డు. ఆమె కోపం దిగమింగి ఒక్క మాటే అంది. "నువ్వే పరీక్ష జేసుకో పెద్దమ్మా."

రఖమాబాయి ఆమెను ఎగాదిగా చూసింది. పెయింటు పోయిన బల్లను చూసినట్టు సాయలిని కూడా చూసింది.

"మా ఊర్ల ఆకుపసరు పోసే ముసలోడు ముందుగాల తన నాలికె మీద ఏసుకుంటడు. గా తర్వాతనే మాకు," అని, మరాఠీలోకి తిరిగి గొంతు పెంచింది. "డాక్టరీణ్‌బాయీ, ముందు మీరొకటి పొడిపించుకోండి. తరవాత మేము."

వెనక బారంతా నవ్వింది. "సక్కగ అడిగినవ్ అక్కా," అని ఒకామె, "గా తెల్లోనికి గూడ పొడువుండ్రి," అని ఇంకొకామె. బారు అప్పుడే వంకర తిరుగుతోంది.

సాయలి నవ్వింది. మొదటి సూది పడని ఒంటికి ఈ మందు ఏమీ చెయ్యదని ఆమెకు తెలుసు; తనకు పడలేదనే ఆమె నమ్మకం. ఇంతకన్నా సులువైన నాటకం ఏముంది? కోటు విప్పి కుర్చీ మీద వేసింది, జాకెట్టు చెయ్యి పైకి తోసింది. "పెట్టండి విక్టర్. చూసి ధైర్యం తెచ్చుకుంటారు," అంది ఇంగ్లీషులో.

ప్రజ్ఞ విక్టర్ ముఖమే చూస్తోంది. అతను ఒక్క రెప్పపాటు ఆగాడు. అంతే. తరవాత సీసా తీసి, సూదిలోకి మందు లాగి, గాలిబుడగ పోయేలా గోటితో తట్టాడు. బజార్లో బెండకాయ విరిచి చూసినంత మామూలుగా.

ఇప్పుడు ప్రజ్ఞ ఏమీ చెయ్యనక్కర లేదు. ఊరుకుంటే చాలు. సాయలి కూలిపోతుంది, ఆడవాళ్లు పారిపోతారు, అందరి ప్రాణాలూ దక్కుతాయి. రామకిషన్‌ను అమ్ముకున్న మనిషి రామకిషన్ చావే చస్తుంది. న్యాయం తన కాళ్ల మీద తనే నడిచి వచ్చినట్టుంది. ఐస్ లేని ఆ గ్లాసు ఆమె కళ్ల ముందు ఆడింది.

సూది మొన చర్మాన్ని తాకింది.

ప్రజ్ఞ చెయ్యి విక్టర్ మణికట్టును పట్టేసి వెనక్కి విరిచింది. సూది నేల మీద పడింది. ఆమె చెప్పుకాలు దాని మీద పడింది.

"అంత తేలిగ్గా పోతానంటే ఎట్లా సాయలీ," అంది తువ్వాలు లాగేసి, మరాఠీలో. "కోర్టులో నిలబడాలి కదా."

సాయలి ముఖం తెల్లబడింది. "నాకు మొదటిదే ఇది. ఏమవుతుంది?"

"నెల కిందటి విటమిన్ సూది ఏ చేతికి పెట్టించుకున్నావు?"

సాయలి ఎడమ చెయ్యి తనకు తెలియకుండానే కుడి భుజం మీదికి పోయింది. అక్కడే ఆగిపోయింది. ఆమె మెల్లగా విక్టర్ వైపు తిరిగింది. "నీకు తెలుసు," అంది. "తెలిసే లాగావు మందు."

విక్టర్ మణికట్టు విదిలించుకుని షెడ్డు వెనక నిలిపిన తన వ్యాన్ వైపు పరుగెత్తాడు. తలుపు లాగి ఎక్కేసరికి డ్రైవర్ సీట్లో విలాస్ తాళం చెవి వేలికి తిప్పుకుంటూ కూర్చుని ఉన్నాడు.

"ఏడికి పోదాం సాబ్? కిన్వట్ ఠాణానా, నాందేడ్ ఠాణానా?"

వెనక్కి దూకబోయిన విక్టర్‌కు దారి దొరకలేదు. బారు కట్టిన ఆడవాళ్లు ఇప్పుడు బారులో లేరు. వ్యాన్ చుట్టూ ఉన్నారు. ఒకామె అతని టోపీ తీసి నేలకు కొట్టింది. మిగతా పని మరీ ముదరకుండా ప్రజ్ఞ మధ్యలో నిలబడాల్సి వచ్చింది. ఆమెకు మనసొప్పలేదు, కానీ నిలబడింది.

సాయలి కుర్చీలో కూలబడి ఉంది. "నన్నెందుకు ఆపావు?" అంది తల ఎత్తకుండా.

"నీ మీద జాలితో కాదు," అంది ప్రజ్ఞ, బేడీలు వేస్తూ. "మనుషుల మీద మందు పరీక్షించి లెక్క చూసుకునేది వాళ్లు. నేను కాదు."

*

కిన్వట్ పోలీసులు వచ్చారు. ఐసు పెట్టెకు సీలు వేశారు. కొండెక్కి సిగ్నల్ పట్టుకున్న విలాస్ కబురు తెచ్చాడు. మొదటి సూది పడినవాళ్లందరినీ పరీక్షించి, విరుగుడు తేలేదాకా కనిపెట్టి ఉండడానికి సర్కారు డాక్టర్ల బృందం బయల్దేరిందని. దారిలో రెండుసార్లు తప్పిపోయి, సర్ఖనికి ఎటు రావాలని అడుగుతున్నారని.

ప్రజ్ఞ ఆ మాట ఆడవాళ్లకు చెప్పింది. రఖమాబాయి మోకాలు పట్టుకుని మెల్లగా బల్ల మీద కూర్చుంది. స్టెరాయిడ్ మహిమ ఎప్పుడో అయిపోయింది.

"నా పానం కాపాడినవ్ బిడ్డా, కాదన," అంది. "గని ఒక్కటి జెప్పు. ఇన్నేండ్ల సంది మా మోకాళ్లు గుంజుతుంటె ఒక్కడన్న ఇటు మల్లి సూసిండా? దొంగ డాక్టర్లకు దొరికిన తొవ్వ మీ దొర డాక్టర్లకు ఎందుకు దొర్కది?"

విక్టర్‌ను పదహారు దేశాలు వెతికాయి. వాడి గురించి ఏమడిగినా ప్రజ్ఞ జవాబు చెప్పగలదు. ఈ ప్రశ్నకు మాత్రం ఆమె, "నేను రోడ్డు మీద నిలబడి చెయ్యి ఊపుత, పెద్దమ్మా," అని, నిజంగానే పోయి నిలబడింది.