గిలక బావికి కాపలా

“గిలక బావిలో ఇకమీదట ఒక్క రాయి కూడా కదలదు. ఇది నా మాట.”

కిందటి చలికాలంలో, బడిపిల్లలందరి ఎదుట, మైకు పట్టుకొని ఒక పెద్ద అధికారి అన్న మాట ఇది. పిల్లలు చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టినవాడు, వాళ్ళను అక్కడికి తీసుకొచ్చిన ఉమేర్.

ఆ మాట ఏమైందో చెప్పాలంటే, ముందు ఆ బావికున్న చెడ్డపేరు చెప్పాలి.

ఆదోని దాటి ఎమ్మిగనూరు దారి పట్టి కొంత దూరం పోతే, ఎడమవైపు పత్తిచేల నడుమ కనబడుతుంది — రాతిమెట్ల దిగుడుబావి. నీళ్ళు ఎండి ఒక తరం దాటింది. గిలక ఎప్పుడో ఊడిపోయింది. దాన్ని మోసిన రాతి స్తంభాలు రెండే మిగిలాయి. అయినా చీకటి పడ్డాక ఆ దారిన పోయేవాళ్ళకు వినిపించేదట... కిర్ర్... కిర్ర్... ఎవరో ఆడమనిషి చేద లాగుతున్నట్టు. పేరు తెలియక ‘ఆయమ్మ’ అనేవాళ్ళు.

ఆదోని మార్కెట్టుకు పత్తి తోలుకొచ్చే బండ్లవాళ్ళు అక్కడికి రాగానే ఎద్దుల మెడగంటలకు గుడ్డలు చుట్టేవాళ్ళట. ఆ బావి రాయి ఇంటికి తెచ్చుకుంటే ఆ ఇంట్లో తెల్లవార్లూ గిలక తిరుగుతుందని భయం. చుట్టుపక్కల ఎన్ని మంటపాలు, ఎన్ని సరాయిలు పునాదిరాళ్ళై కొత్త ఇళ్ళ కింద అణిగిపోయాయో! ఈ బావి జోలికి మాత్రం ఎవరూ రాలేదు.

ఉమేర్‌కు ఈ కథ వింటే ఒళ్ళు మండేది. చరిత్ర చదివిన కుర్రాడు. పాత కట్టడాలు కాపాడాలని ఊరూరా తిరిగేవాడు. “భయం బానిసత్వం, తెలివి స్వాతంత్ర్యం!” అని గుడ్డ మీద రాసి, బావి స్తంభాలకే కట్టాడు. స్నేహితులతో కలిసి ముళ్ళకంప నరికాడు. బడిపిల్లలను మెట్ల మీద కూర్చోబెట్టి పాఠం చెప్పాడు.

“దీన్ని కట్టింది మనుషులు. కరువొచ్చినప్పుడు ఒకరు అడుక్కి దిగి, ఊరే నీళ్ళు చిప్పతో తోడి బిందెలో పోసేవాళ్ళు. పైనున్న ఆమె ‘నిండిందా?’ అని అడిగేది. నిండిందంటేనే చేద లాగేది. ఇది మన దాహం చరిత్ర!”

మరి ఆ చప్పుడు? రాళ్ళ సందుల్లో గాలి అన్నాడు. అది నిరూపించడానికి ఒక రాత్రి బావిలోనే పడుకొని వీడియో తీశాడు. ‘దెయ్యం లేదు — చరిత్ర ఉంది’ అని దానికి పేరు పెట్టాడు. ఆ వీడియో చేరని ఫోను ఆ చుట్టుపక్కల లేదు.

రోడ్డుకు అవతల ఉగ్గాని బజ్జీ అమ్మే లక్ష్మక్క మాత్రం నిష్ఠూరమాడింది.

“ఎల్లగొట్టినావు కదప్పా ఆయమ్మను! బస్సు దిగినోళ్ళు ఒంటిగా పోవాలంటే భయపడి, తోడు దొరికేదాక నా కాడ కూచొని రెండేసి టీలు తాగుతాండ్రి. ఇప్పుడు తిన్నగా పోతాండారు.”

“జనం కండ్లు తెరిసినారు, అక్కా!” అని నవ్వాడు ఉమేర్.

కండ్లు తెరిచినవాళ్ళకు మొదట కనబడింది రాయే.

ఎండాకాలం ముదరకముందే పైమెట్లు మాయమయ్యాయి. ఉమేర్ ఆ అధికారి ఆఫీసులో అర్జీ పెట్టాడు. “చూస్తాం” అన్నారు. వానాకాలానికి ఒక కమాను పోయింది. మళ్ళీ పోయాడు. “పైకి రాసినాం” అన్నారు. ఫైలు కదల్లేదు... రాళ్ళు కదిలాయి.

ఇక ఎవరి కాళ్ళూ పట్టుకునేది లేదనుకున్నాడు. మబ్బు పట్టిన ఒక రాత్రి, ఫోను జేబులో పెట్టుకొని పోయి, బావిలో మిగిలిన కమాను చాటున నక్కి కూర్చున్నాడు.

చాలాసేపటికి ట్రాక్టరు వచ్చింది — లైట్లు లేకుండా. గడ్డపారల చప్పుడు. బీడీ వాసన. మెట్టు పెళ్ళగించే మొదటి దెబ్బ పడగానే ఉమేర్ ఉండబట్టలేక ముందుకొచ్చాడు.

“ఆపండి!”

టార్చి వెలుగు మొహం మీద పడింది.

“ఎవురప్పా ఆడ?... ఓహో, మన ఉమేరన్నా!” ట్రాక్టరు తోలే తిరుపాల్. చిన్నప్పటి నుంచీ తెలిసినవాడే. “రాన్నా, రా. నీకే దండం పెట్టాల.”

“రాయి కింద పెట్టు, తిరుపాలూ. ఇది దొంగతనం.”

“దొంగతనమో, కంట్రాక్టో... మమ్మల్ని పంపిన పెద్దోళ్ళను అడుక్కో. నేను బండి తోలేటోణ్ణి. ఒక్క మాట సెప్తా, ఇను. ఇంతకుముందు ఎంత కూలి ఇస్తామన్నా ఈడికి రాత్రిపూట ఒక్కడు వచ్చేటోడు కాదు. నీ వీడియో సూపిచ్చినా — పాటలు పాడుకుంటా ట్రాక్టరెక్కినారు!”

“భలే గుర్రు పెట్టినావు కదన్నా బావిలో!” అన్నాడు గడ్డపార పట్టుకున్నవాడు. అందరూ పకపకా నవ్వారు.

ఉమేర్‌కు అప్పుడు తెలిసింది. ఇన్నేండ్లు ఈ బావికి కాపలా కాసింది చట్టం కాదు, శాఖ కాదు, బోర్డు కాదు. ఒక కథ. ఆ కథ గొంతు తన చేతులతోనే పిసికాడు. దాని స్థానంలో ఏం పెట్టాడు? ఒక అధికారి మాట.

మెట్లు దిగాడు. చివరి మెట్టు మీద, చీకట్లో, బాసింపట్టు వేసి కూర్చున్నాడు.

“తియ్యండి. ముందు నన్ను తియ్యండి, తర్వాత రాయి.”

“మొండికెయ్యద్దు అన్నా. మా పొట్ట కొట్టద్దు.”

“ఆయమ్మ ఉంది, తిరుపాలూ,” అన్నాడు ఉమేర్. తన నోట ఆ మాట వస్తుందని అతనెన్నడూ అనుకోలేదు. “ఈ బావిలో ఆయమ్మ ఉంది.”

పైన మళ్ళీ నవ్వులు. “నువ్వే లేదంటివే! ఇప్పుడు యాడ నుంచి వచ్చె—”

నవ్వు సగంలో తెగింది.

కిర్ర్...

తిరుపాల్ వేళ్ళ నడుమ బీడీ పొగ నిటారుగా లేస్తోంది. గాలి లేదు.

కిర్ర్... కిర్ర్...

టార్చి వెలుగు స్తంభాల మీదికి పోయింది. రెండు స్తంభాలు. నడుమ ఏమీ లేదు. ఆ ఏమీ లేనిచోటే తిరుగుతోంది... నూనె ఎరగని గిలక... నిదానంగా, అలవాటైన చేతుల్లో తిరిగినట్టు.

ఆ తర్వాత ఒక గొంతు. గుసగుస కంటే కొంచెం పెద్దది. అలిసిపోయిన ఆడగొంతు.

“...నిండిందా?”

గడ్డపారలు రాళ్ళ మీద ఖణేలుమన్నాయి. “అమ్మో!” అన్న ఒక్క అరుపు... అంతే. ట్రాక్టరు ఇంజను ఆడుతూనే ఉంది. తోలేవాడు మాత్రం పత్తిచేలో పడి ఉరుకుతున్నాడు.

అడుగున ఉమేర్ ఒక్కడే మిగిలాడు.

మొహం పక్కగా ఏదో ఊగింది. తడి నారవాసన... తాడు? చెయ్యెత్తి చూసే ధైర్యం లేదు. చదివిన పుస్తకాలు, అరిచిన నినాదాలు, ఏవీ నోటికి రాలేదు.

“నిండిందా?”

నిండిందంటే లాగుతుంది. ఈ ఎండిన బావిలోంచి ఏం పైకి తేలుతుందో ఎవరికి తెలుసు? ఏమీ అనకుంటే... అలిసిపోయి పోతుందేమో. పోతే, రేపు మళ్ళీ ట్రాక్టరు వస్తుంది.

ఉమేర్ అన్నాడు —

“ఇంకా లేదక్కా... ఉండు.”

చప్పుడు ఆగింది. పోలేదు — ఆగింది. ఎవరో చేతులు తాడు మీద ఉంచి, వంగి చూస్తూ నిలబడ్డట్టు, తెల్లారేదాకా తల పైన ఒక బరువు.

పొద్దున టీ పోస్తూ లక్ష్మక్క గొంతు తగ్గించి అడిగింది: “యేమప్పా... ఉందా, లేదా?”

“ఉండనీలే అక్కా,” అన్నాడు ఉమేర్.

అంతకుమించి ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. బావి రాయి మాత్రం ఆ తర్వాత ఒక్కటీ పోలేదు.

వారం తిరక్కుండా, అర్జీ కాగితం లేకుండా, ఉత్త చేతులతో ఆఫీసుకు పోయాడు. మైకు పట్టుకున్న ఆ పెద్ద అధికారే కుర్చీలో ఉన్నాడు.

“ఏమయ్యా, ఊళ్ళో మళ్ళీ దెయ్యమంటున్నారు! లేదని చాటింపు వేసింది నువ్వే కదా?”

“మీ మాట నమ్మి వేసినా సార్. బావికి మీరున్నారు కదా అని ఆయమ్మను పొమ్మన్నా. పంపకూడనోళ్ళను పంపినా.”

గదిలో ఉన్న గుమాస్తాలు తలలెత్తారు. అధికారి నవ్వు సన్నబడింది.

“సరే, ఇప్పుడేం కావాలి?”

“తీసిన రాళ్ళు యాడుండాయో చెప్పాల. తీయించింది ఎవరో చెప్పాల. బావికి రక్షణ ఉత్తర్వు ఎప్పుడిస్తారో చెప్పాల.”

“చెప్పకపోతే? ధర్నా చేస్తావా? నినాదాలిస్తావా?”

“అవన్నీ అయిపోయినాయి సార్.” ఉమేర్ గొంతు పెంచలేదు. “దినామూ రాత్రి పోయి ఆ అడుగుమెట్టు మీద కూచుంటాండా. ఆయమ్మ అడుగుతాంది. ఇంకా లేదక్కా అని నేను చెప్తాండా. ఎన్నాళ్ళని నిలబెట్టేది? గడువు లోపల జవాబు రాకపోతే ఆ రాత్రికి నిండిందని చెప్పేస్తా. లాగేది ఆయమ్మ. పైకి ఏమొస్తాదో, ఎవరి గుమ్మం ముందుకొస్తాదో, నాకు తెలీదు.”

ఫ్యాను తిరుగుతోంది... కిర్ర్... అధికారి చటుక్కున తలెత్తి పైకి చూశాడు.

“గడువు నవంబరు పందొమ్మిది, సార్. మీరు మైకులో మాటిచ్చి ఆ దినానికి ఏడాది. పొద్దు గూకే లోపల.”