బళేపేటలో శామ్యూల్ ఫైలు

డాక్టర్ శామ్యూల్ ఫిల్టర్ కాఫీ మీది నురుగును ముచ్చటగా ఊదుకుని మొదటి గుక్క తాగాడు. రెండో గుక్క తాగలేదు. విషం అంత ఘాటైనది. అతని తల లాప్‌టాప్ మీద వాలేసరికి ల్యాబ్ సర్వర్లన్నీ ఖాళీ అయిపోయాయి.

మర్నాడు ఉదయం హెడ్‌క్వార్టర్స్‌లో చీఫ్ మునినారాయణప్ప ఏజెంట్ నేత్రావతి ముందు ఒక ఫొటో పెట్టాడు.

"గుర్తుపట్టినావా అమ్మా?"

"శశికళ. మన డబుల్ ఏజెంట్."

"ఇప్పుడు వాల్ట్ ముఠా మనిషి. విదేశీ గ్యాంగ్. పరిశోధనలు దొంగిలించి తాళం వేసుకుంటారు, డబ్బు కట్టినోళ్లకే చూపిస్తారు. జిగణి ఫ్యాక్టరీ పొగకు పాడైన ఊపిరితిత్తులకు శామ్యూల్ వైద్యం కనిపెట్టినాడు. జనం సొమ్ముతో చేసిన పని, జనం ఊరికే చదవాలని ఇంటర్నెట్‌లో పెట్టబోయినాడు. చంపేసినారు. మిగిలిన ఒకే కాపీ ఈ శశికళ ఫోన్లో ఉండాది. ఈ పొద్దే బళేపేట గాజుల బజారులో కొరియర్‌కు ఇస్తాది."

నేత్రావతి పిడికిలి బిగించింది. ఆమె తమ్ముడు చేతన్ ఆ జిగణి ఫ్యాక్టరీలోనే పనిచేసేవాడు. అతని జబ్బుకు పనికొచ్చే పరిశోధన వ్యాసం అతన్ని చూసే డాక్టరుకు కంప్యూటర్లో దొరికింది. మొదటి పేరా మాత్రమే. మిగతాదంతా వాల్ట్ తాళం వెనక ఉంది. ఆ తాళం తెరుచుకునేదాకా చేతన్ ఊపిరి నిలవలేదు.

"పిస్టల్ తీసుకెళ్తాను సార్."

"తీసుకుపో. ఫైలు బయటికొచ్చేదాకా కాల్చొద్దు. ఆ ఫోన్ దాని కుడి బొటనవేలికే తెరుచుకుంటాది. అదీ ప్రాణమున్న వేలికే."

బళేపేట సందులో ఎండ గాజుల మీద పడి గోడలకు రంగులు పూసింది. చిలకపచ్చ, వంగపండు రంగు, నెమలికంఠం! కెంపమ్మ గాజుల కొట్టులో నెరిసిన విగ్గుతో, బుగ్గన వక్కతో నేత్రావతి కూర్చుంది. ముందున్న వెల్వెట్ దిండులో అరచేయంత డేటా కాపియర్ ఉంది. తెరిచిన ఫోన్ దానిమీద ఉంటే చాలు, ఫైలు నేరుగా అందరూ చదివే ఆర్కైవ్‌లోకి వెళ్లిపోతుంది.

శశికళ వచ్చింది. ఎర్ర షిఫాన్ చీర, నల్ల కళ్లద్దాలు. సందులో బేరాలు ఆగిపోయాయి. కొరియర్ వచ్చేదాకా కూర్చోవడానికి సాకు కావాలి. కుడిచేత్తో ఫోన్ పట్టుకుని ఎడమ చేయి చాచింది.

"ఆకుపచ్చవి వెయ్. నొప్పి పుట్టిందో, ఊరుకోను ముసలమ్మా."

"ఎంత మెత్తని చేయమ్మా! ఏ పాపమూ ఎరగనట్టుండాది."

ఎడమ చేయి నిండేసరికి ఫోన్ మోగింది. కొరియర్ ముందే వచ్చేశాడు! శశికళ చటుక్కున లేచింది.

నేత్రావతి వేళ్లు నడుము దగ్గరి పిస్టల్‌ను తాకాయి. ఒక్క గుండు చాలు, పగ తీరుతుంది. ఫైలు మాత్రం ఆమెతోపాటే పోతుంది.

పక్కనుంచి కొట్టు యజమానురాలు కెంపమ్మ అరిచింది. "అయ్యో తల్లీ, ఒంటి చేతికి వేసుకొని లేస్తారా? ఇంకో చేయి బోడిగా పెట్టుకొని గడప దాటేదా? ఇంటికి అరిష్టమమ్మా!"

దేశాన్ని అమ్మేటప్పుడు తడబడని శశికళ ఆ గడప దగ్గర తడబడింది.

"సరే, బేగ కానీ!" ఫోన్ దిండు మీద పెట్టి కుడి చేయి ఇచ్చింది.

నేత్రావతి సబ్బు నురుగు రాసి కణుపులు నొక్కింది, కాస్త కసిగానే. శశికళ కళ్లు గట్టిగా మూసుకుంది. నేత్రావతి ఆ బొటనవేలిని ఫోన్‌కు ఆనించింది. తెరుచుకోలేదు. పాడు నురుగు! సందు మలుపులో సూటు వేసుకున్న కొరియర్ కనిపించాడు. నేత్రావతి పైట చెంగుతో వేలు తుడిచి మళ్లీ నొక్కింది. ఫోన్ తెరుచుకుంది. దిండు అంచున ఎర్ర దీపం మినుకుమంది. కొరియర్ గడప తొక్కాడు. శశికళ ఫోన్ అందుకుంటుండగా దీపం పచ్చబడింది.

నేత్రావతి విగ్గూ, పిస్టలూ ఒకేసారి తీసింది.

"ఇచ్చెయ్, శశీ. ఆ ఫైలు ఇప్పుడు ఏ ఆస్పత్రిలో ఏ డాక్టరైనా చదువుకోవచ్చు."

"నేత్రా... నువ్వా?"

"చేతన్ అక్కని. నిన్ను కాల్చను. మీ తాళాలన్నీ ఒక్కొక్కటే ఊడిపోతుంటే జైల్లో కూర్చుని చూడు."

కొరియర్ చేతులు పైకెత్తాడు. "మా బాస్‌కి ఏం చెప్పమంటారు మేడమ్?"

"లింక్ పంపిస్తాను, చదువుకోమను. ఆయనక్కూడా ఉచితమే."